కుడికాలి బొటనవేలి గోరు

కొత్త బ్యాచి వచ్చిన మొదటి రోజు నేను ఎవరినీ పరిగెత్తించను. గ్రౌండులో వరసగా కూర్చోబెట్టి, బూట్లూ సాక్సులూ విప్పించి, కాళ్ళు ముందుకు చాపమంటాను. ఇరవై మంది వస్తే రెండొందల గోళ్ళు. ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని చూస్తాను. నలుపు తిరిగినవి, సగం లేచినవి, పక్కలు చర్మంలోకి దిగి చీము పట్టినవి, అసలు లేనివి. తర్వాత ఒక్కో బూటు తీసుకుని లోపల చివరి దాకా చెయ్యి పెట్టి తడుముతాను. మగపిల్లలు సిగ్గుపడతారు, ఆడపిల్లలు నవ్వుతారు. కానిస్టేబులు పరీక్షకి పరుగు నేర్పమని వస్తే ఈవిడేంటి, చెప్పుల కొట్టులో మనిషిలాగా కాళ్ళు చూస్తుంది అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. నాకు వినపడుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళుగా విని విని అలసిపోయాను.

ఒకసారి మాత్రం ఒక అమ్మాయి ఊరుకోలేదు. "మా అందరివీ చూశారుగా మేడం, మీది కూడా చూపించండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి లేచి, విజిల్ ఊది, రెండు రౌండ్లు నడవమన్నాను. బూటు మాత్రం విప్పలేదు.

నలభై దగ్గర పడుతున్న మనిషిని. అద్దంకిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచర్ని. పొద్దున్నే ఈ కానిస్టేబులు పిల్లలు, ఎనిమిదిన్నరకి స్కూలు ప్రార్థన, ఆ తర్వాత ఎండలో లెఫ్టూ రైటూ, లెక్కల సారు రాకపోతే ఆయన క్లాసులో పిల్లల్ని అరవకుండా చూడటం. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే పాదాలు నావి కావనిపిస్తుంది. నేనూ మా నాన్నా, ఇద్దరమే ఉంటాం. పెళ్ళి సంగతి అడిగేవాళ్ళు అడిగి అడిగి మానేశారు. నాన్నకి ఇప్పుడు నడుం వంగదు. ఆయన కాలి గోళ్ళు ఆదివారం ఆదివారం నేనే కత్తిరిస్తాను. అన్నేళ్ళు పొలంలో ఉత్తకాళ్ళతో నడిచిన మనిషి, గోళ్ళు గుల్లబారి రాయిలాగా ఉంటాయి. వేడినీళ్ళలో నానబెడితే తప్ప కత్తెర దిగదు. ఊరివాళ్ళ గోళ్ళన్నీ చూశాను, ఆయనవీ చూశాను. ఆయనకి చూపించనిది నా కుడికాలి బొటనవేలు ఒక్కటే. పన్నెండేళ్ళు దాన్ని ఆయన కంటపడకుండా దాచాను. ఇంట్లో కూడా సాక్సులు వేసుకుని తిరుగుతూ, కాళ్ళు పగుళ్ళని చెప్పాను.

దాచింది ఎందుకో చెప్పాలంటే మా ఊరి నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు మేము అద్దంకి పక్కన పల్లెలో ఉండేవాళ్ళం. నాన్న కౌలుకి చేసేవాడు. కొంత పత్తి, కొంత మిర్చి. నేను డిగ్రీలో ఉండగానే అమ్మ పోయింది. చదువయ్యాక ఇంట్లో వంటా, పొలంలో కూలీల వెంట ఉండటం, మధ్యలో పరీక్షలకి చదవటం, ఇదీ నా పని. పరుగు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. స్కూల్లో, కాలేజీలో ఎక్కడ పోటీ పెట్టినా ఉత్తకాళ్ళతోనే గెలిచేదాన్ని. మా నల్లరేగడి డొంకల్లో ఎదురుదెబ్బలు లేకుండా ఎవరు పెరిగారు గనక. వేలు చిట్లితే ఇంత మన్ను అద్దుకుని మళ్ళీ పరిగెత్తడమే. బూటు అన్నది నా కాలికి ఇరవై ఆరేళ్ళొచ్చేదాకా తెలియదు.

ఇరవై ఆరో ఏట కానిస్టేబులు ప్రిలిమ్స్ పాసయ్యాను. ఇక మిగిలింది పరుగూ ఆ తర్వాత ఒక పరీక్షా. పదహారువందల మీటర్లు, నాలుగు రౌండ్లు, ఆడవాళ్ళకి పదిన్నర నిమిషాలు. మా ఊరి డొంకలో చేతి గడియారం పెట్టుకుని చూసుకుంటే తొమ్మిదిలోపే వచ్చేసేదాన్ని. నాకంటే మా నాన్నే ఎక్కువ నమ్మాడు. యూనిఫాం వేసుకుని వస్తే పురుగుమందుల కొట్టువాడు తనని కుర్చీ వేసి కూర్చోబెడతాడని ఎవరితోనో అన్నాడట. ఆ మాట నా చెవిన పడ్డాక పరీక్ష బరువు రెండింతలైంది.

అద్దంకి కాలేజీ గ్రౌండులో మిలటరీలో చేసి రిటైరైన ఒకాయన పిల్లలకి తర్ఫీదు ఇచ్చేవాడు. నేను చేరిన మూడో రోజు నా కాళ్ళు చూసి, అక్కడి ట్రాకు మీద ఉత్తకాళ్ళతో పరిగెడితే నాలుగో రౌండుకి తోలు లేస్తుంది, బూట్లు లేకుండా రేపట్నుంచి రావద్దన్నాడు. ఇంటికొచ్చి చెప్పాను. అది పత్తి తీత రోజులు. కూలీలు దొరకడమే కష్టం, దొరికినవాళ్ళ వెంట ఇద్దరిలో ఒకరం ఉండి తీరాలి. పురుగుమందు తేవడానికి ఎలాగూ అద్దంకి వెళ్తున్నాను కదా, బూట్లు నేనే తెస్తానన్నాడు నాన్న. చీపురులోంచి ఒక పుల్ల లాగి, నన్ను నేల మీద నిలబెట్టి, మడమ దగ్గర పెట్టి, బొటనవేలి చివర గోటితో గిల్లి తుంచాడు. మా ఊళ్ళో ఎవరి చెప్పులు ఎవరు తెచ్చినా కొలత అదే. ఆ పుల్లని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

సాయంత్రం తెచ్చినవి మగవాళ్ళ బూట్లు. పరిగెత్తడానికి పనికొచ్చేవి ఆడవాళ్ళ సైజులో లేవన్నారట. ఉన్నవాటిలో చిన్నవి ఇవేనట. పుల్ల లోపల పెట్టి చూస్తే ముందు బొటనవేలంత ఖాళీ ఉంది. నా మొహం చూసి నాన్న తేలిగ్గా తీసిపారేశాడు. పెద్దదైతే కూరుకోవచ్చు, చిన్నదైతే సాగదీయలేంగా అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

అప్పుడు మా ముందుగది నిండా పత్తే. తీసిన పత్తి మంచు తగలకుండా ఇంట్లోనే పోసుకుంటాం. గోడల సగం దాకా కుప్ప, మనిషి పక్కకి తిరిగి నడవాలి. నాన్న ఆ కుప్ప పక్కన కూర్చుని చారెడు పత్తి తీసుకుని, నలిపి ముద్ద చేసి, బొటనవేలితో బూటు చివరి దాకా కూరాడు. రెండోదానికీ అంతే. నన్ను వేసుకోమని, తాళ్ళు తనే కట్టి, గదిలో నాలుగడుగులు నడిపించి చూశాడు.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

"బాగుంది నాన్నా" అన్నాను.

పత్తి పండించే ఇంట్లో దూది ఉండదు. ఈ సంగతి బయటివాళ్ళకి చెబితే వింతగా చూస్తారు. మేము గింజతోనే తీస్తాం, గింజతోనే అమ్ముతాం. గింజ వేరు చేసేది మిల్లులో. దెబ్బ తగిలితే మా ఊళ్ళో ఏ పత్తి రైతైనా మందుల షాపుకెళ్ళి దూది కొనుక్కోవలసిందే. కూరిన రోజు ఆ పత్తి మెత్తగానే ఉంది. ఒక్కో గింజ చుట్టూ కావలసినంత పీచు, పైకి తగిలేది పీచే. ఆ పూట కూలీలకి మర్నాటి పని చెప్పాలి, మందు కలుపుకోవాలి, ఆయనకి గింజలు తీస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది. ఆ ఆలోచన ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు.

వారం తిరక్కుండానే చెమటకి తడిసి, ఎండి, మళ్ళీ తడిసి ఆ ముద్ద గట్టిపడింది. పరిగెత్తేటప్పుడు, ముఖ్యంగా మలుపు దగ్గర, కాలు ముందుకి జారి వేలు దానికి కొట్టుకునేది. నొప్పి తెలిసేది. కానీ నాకు బూట్లంటే ఏమిటో తెలిస్తే కదా. బూట్లు వేసుకున్నవాళ్ళందరికీ ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. మిలటరీ ఆయనతో చెబితే, కొత్త బూటు నెలరోజులు కరుస్తుంది, తర్వాత అదే దారికొస్తుందన్నాడు. గ్రౌండులో ఇంకా చాలామందికి గోళ్ళు నల్లబడి ఉన్నాయి. పరుగు ఆపి కూర్చున్నప్పుడు ఎవరి గోరు ఎంత నలుపో పందేలు వేసుకునేవారు. గోరు ఊడితే ఉద్యోగం వచ్చినట్టేనని ఒక అబ్బాయి శాస్త్రం చెప్పాడు. నేనూ నవ్వాను. అందరి కాళ్ళూ నలుపే అయినప్పుడు నా ఒక్కదాని బూటులో చెయ్యి పెట్టి చూసుకోవాలని ఎందుకు తోస్తుంది.

నా గోరు ముందు అడుగున ఎర్రగా కమిలింది, తర్వాత నేరేడు పండు రంగు, తర్వాత నలుపు. సాయంత్రం బూటు విప్పగానే వేలిలో గుండె కొట్టుకుంటున్నట్టు ఉండేది. దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. ఇక తట్టుకోలేక ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పిన్నీసు మొన దీపం మీద ఎర్రగా కాల్చి గోటి మధ్యలో ఆనించాడు. చిన్న పొగ, కాలిన వాసన, ఆ వెంటనే నల్లటి రక్తం చిమ్మింది. అంత హాయి నా జన్మలో ఎరగను. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆయన కట్టు కడుతూ పదిరోజులు పరుగు మానెయ్యమన్నాడు, లేకపోతే గోరు నిలవదన్నాడు. గుంటూరులో పరుగుకి పన్నెండు రోజులుంది. రెండు రోజులు మానేశాను, మూడో రోజు మళ్ళీ బూటులో కాలు పెట్టాను. గోరు పోతే మళ్ళీ వస్తుంది, నోటిఫికేషన్ పోతే ఎప్పుడొస్తుందో అనుకున్నాను. ఆ లెక్క మాత్రం తప్పలేదు.

అది చాలదన్నట్టు పరుగు రెండు రోజుల్లో ఉందనగా మబ్బు పట్టింది. మొదటి కోత మిరపకాయ అంతా కల్లంలో ఆరబోసి ఉంది. ఒక్క జల్లు పడితే కాయ మచ్చలు తిరిగి తాలు కింద సగం ధరకే పోతుంది. అంతకుముందు వారమంతా నాన్న నన్ను కల్లం వైపు రానివ్వలేదు. కాయ సమంగా ఎండాలంటే అందులో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి సాళ్ళు సాళ్ళుగా తిరగేయాలి, పుండు ఉన్న కాలితో ఆ పని ఎవరూ చేయరు. మబ్బు చూశాక ఆయన పిలవకుండానే నేను వెళ్ళాను. వేలికి ప్లాస్టిక్ కవరు చుట్టి, దారంతో బిగించి కట్టుకున్నాను. ఇద్దరం కాళ్ళతో కాయని కుప్పలోకి తోసి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టేసరికి కవరు చిరిగి ఎప్పుడు ఊడిపోయిందో తెలియలేదు. మిరప ఘాటు ఆ గోటి కిందకి దిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే. తొట్టి నీళ్ళలో కాలు ముంచి ఏడ్చాను. వాన మాత్రం పడలేదు. రెండు చినుకులు రాల్చి మబ్బు దాని దారిన అది పోయింది.

గుంటూరుకి నాన్న నాతో వచ్చాడు. పరేడ్ గ్రౌండులోకి బయటివాళ్ళని రానివ్వరు కదా, అన్నం క్యారియరు పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు. లోపల ఎత్తు కొలిచారు, ఛాతీకి నంబరు కట్టారు, మా బ్యాచిని గీత మీద నిలబెట్టారు. నేను ముందు వరసలో ఉన్నాను.

మొదటి రెండు రౌండ్లు నేను అనుకున్నట్టే గడిచాయి. ముందు నలుగురే ఉన్నారు. మూడో రౌండులో రెండో మలుపు తిరుగుతుంటే బూటులో ఏదో తెగినట్టయింది. తెగిన మొదటి క్షణం నొప్పి లేదు, తడిగా ఉందంతే. తర్వాత కాలు నేలకి తగిలిన ప్రతిసారీ ఆ నొప్పి మోకాలి దాకా పాకింది. వేళ్ళు ఆనించకుండా మడమ మీద పరిగెత్తాను. ఒకరొకరుగా దాటిపోయారు. ఆఖరు రౌండులో నేను చూసింది ముందున్నవాళ్ళ వీపులు కాదు, నా కుడి బూటు. గీత దాటేసరికి విజిల్ ఊది అప్పటికే తొమ్మిది సెకన్లయింది. నా నంబరు రాసుకుని ఇటు రామ్మా అన్న పోలీసావిడ గొంతు మెత్తగానే ఉంది. రోజుకి ఎంతమందికి చెబుతుందో పాపం.

కంచె పక్కన నీడలో కూర్చుని బూటు విప్పాను. సాక్సు ముందుభాగం అంతా ఎరుపు. సాక్సు లాగితే గోరు అందులోనే ఉండిపోయింది. అప్పుడు, అన్ని రోజుల తర్వాత మొదటిసారి, బూటులో చెయ్యి పెట్టాను. పత్తి ముద్ద ఊడిరానంది. గోళ్ళతో పీకితే చెక్కబిళ్ళలాగా వచ్చింది. నా వేలు తగిలే వైపు పీచు అరిగిపోయి ఐదారు గింజలు పైకి తేలి ఉన్నాయి. వేలితో నొక్కి చూశాను. ఒక్కటీ కదల్లేదు.

నాకు ముందు వచ్చింది కోపం. ఏడుపు కాదు. మా నాన్న మీద అంత కోపం అంతకుముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ పత్తిలో బతికిన మనిషివి, ఇన్ని గింజలు తీసి కూరడానికి నీకు పది నిమిషాలు పట్టేదా అని లోపల అరిచాను. గేటు బయటికి వెళ్ళి ఆ ముద్ద ఆయన చేతిలో పెట్టాలనుకున్నాను. పెట్టడానికే లేచాను కూడా. ప్రథమ చికిత్స బల్ల దగ్గర కట్టు కట్టించుకుని, బూట్లు చేత పట్టుకుని కుంటుతూ వస్తుంటే గేటు ఊచల మధ్య నుంచి నాన్న కనిపించాడు. క్యారియరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, నన్ను వెతుకుతూ, బయటికి వచ్చే ప్రతి ఆడపిల్లనీ చూస్తున్నాడు. కోపం అక్కడే చల్లారిపోయింది. దాని స్థానంలో ఒక అలుపు వచ్చింది. ఆ ముద్దని కంచె అవతలికి విసిరేశాను.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"రాయి తగిలింది నాన్నా. ఎదురుదెబ్బ" అన్నాను.

ఆయన నా కట్టు వంక, నా చేతిలో బూట్ల వంక చూశాడు. తర్వాత "పోనీలే, అన్నం తిందాం రా" అన్నాడు. గోడ నీడన కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం. బస్సులో నేను కళ్ళు మూసుకుని పడుకున్నట్టు నటించాను. ఇంటికొచ్చి బూట్లని ఒక మూలకి తోసేశాను. మళ్ళీ వాటి వంక చూడలేదు.

గోరు రావడానికి ఏడాది దాటింది. వచ్చింది వంకరగా, లావుగా, పసుప్పచ్చగా, నడుమ ఒక గాడితో వచ్చింది. మళ్ళీ నోటిఫికేషన్ వస్తుంది, ఈసారి చూసుకుందాంలే అన్నారందరూ. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు. రేపు, వచ్చే నెల, ఎన్నికలయ్యాక అనే మాటలు వింటూనే పొద్దున్నే డొంకలో పరిగెత్తేదాన్ని. మధ్యలో బీపీఈడీ చేశాను. తీరా నోటిఫికేషన్ వచ్చేసరికి నాకు వయసు దాటింది. అప్పటికే గులాబీ పురుగు మా పత్తిని వరసగా తినేయడంతో నాన్న కౌలు వదిలేశాడు, ఇద్దరం అద్దంకి వచ్చి అద్దె ఇంట్లో చేరాం. స్కూల్లో ఉద్యోగం, పొద్దున ఈ పిల్లలు. నేను తర్ఫీదు ఇచ్చినవాళ్ళలో కొందరు యూనిఫాంలో వచ్చి కనిపిస్తారు. సంతోషమే. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం ఏదో పెద్ద బరువు మోసి దించినట్టు నిస్సత్తువగా ఉంటుంది. ఉన్నదే చెబుతున్నాను.

ఈ ఎండాకాలం ఇంటివాళ్ళు రంగులు వేయిస్తామంటే అటక మీద సామాను దించాల్సి వచ్చింది. ఇత్తడి బిందెలు, పాత స్ప్రేయరు, అమ్మ కుట్టు మిషను పైకప్పు. వాటి వెనక ఒక గోనెసంచి, మూతికి పురికొసతో ముడి. విప్పితే ఆ బూట్లు. అవి ఎప్పుడో పోయాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మేము ఊరు మారినప్పుడు సామాను సర్దింది నాన్న.

చేతిలోకి తీసుకోగానే అడుగుభాగం పొడి పొడిగా రాలి నా ఒళ్ళో పడింది. ఇక ఎవరి కాలికీ పనికిరావు. పారేసే ముందు, అలవాటైన చెయ్యి కదా, లోపల పెట్టి తడిమాను. చివర మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగాను. పత్తి. రంగు కాస్త మాసింది కానీ శుభ్రంగా ఉంది. వేళ్ళ మధ్య పెట్టి నొక్కాను, విడదీశాను, వెలుతురుకి పట్టుకుని చూశాను. ఒక్క గింజ లేదు. రెండో బూటులోంచీ తీశాను. అందులోనూ లేదు. మరలో ఆడించిన దూది కాదది. గింజ గింజకీ పీచు చేత్తో లాగిన పత్తి. మా ఇంట్లో ఆ పని చేయగల చేతులు రెండు జతలే ఉన్నాయి, నేనైతే చేయలేదు.

నాన్న వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ పత్తి తీసుకెళ్ళి ఆయన పక్కన పెట్టాను. చాలాసేపు చూశాడు. చివరికి ఎప్పుడు పెట్టావు నాన్నా అన్నాను.

"ఏటికేడు మార్చేవాణ్ణి" అన్నాడు. "కొత్త పత్తి రాగానే పాతది తీసేసి పెట్టేవాణ్ణి. నోటిఫికేషన్ పడితే మళ్ళా హడావుడైపోద్దని. ఇది మనం పత్తేసిన ఆఖరు ఏటిది."

ఆ తర్వాత మెల్లిగా, ఆగి ఆగి చెప్పాడు. ఆ రోజు గుంటూరు నుంచి వచ్చాక బూట్లు ఎండలో పెడదామని తీశాడట. కుడిదాంట్లో పత్తి లేదు. నెత్తురు మరక ఉంది. ఎడమదాంట్లో ముద్ద అలాగే ఉంది. అది బయటికి లాగి వేలితో నొక్కి చూసుకున్నాడట. నేను కంచె దగ్గర కూర్చుని చేసిన పనే ఆయన మా ఇంటి వాకిట్లో కూర్చుని చేశాడు.

"బూటేసుకున్న కాలికి రాయి ఎట్టా తగులుద్దని నిన్ను అడుగుదామనుకున్నా" అన్నాడు. "నువ్వు చెప్పావు గదా అని ఊరుకున్నా."

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. పన్నెండేళ్ళు. ఆయనకి తెలియకూడదని నేను ఇంట్లో సాక్సులతో తిరుగుతుంటే, ఆయన చూసి చూడనట్టు ఊరుకున్నాడు. ప్రతి కొత్త పంటకీ, నేను పరుగుకి వెళ్ళిన వేళ చూసుకుని, కుప్ప పక్కన కూర్చుని ఒక్కో గింజా వలిచాడు. ఆ రోజు నేను లోపల అరిచిన అరుపు ఆయనకి వినపడినట్టే ఉంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నాన్న కాసేపు నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత వంగలేని నడుముతోనే కొంచెం ముందుకు జరిగి చెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ వేలు చూపించు" అన్నాడు.

సాక్సు విప్పి కాలు మంచం అంచు మీద పెట్టాను. ఆయన నా పాదం చేతిలోకి తీసుకుని, ఆ వంకర గోటి మీద, గాడి వెంట, బొటనవేలితో నిమిరాడు. పత్తి కూరింది ఆ బొటనవేలితోనే.

"ఇంకా నొప్పి పుడతందా?" అన్నాడు.

లేదని నోటి దాకా వచ్చింది.

"పుడుతుంది నాన్నా" అన్నాను. "పరిగెత్తితే పుడుతుంది."